తాగమన్న మాట

ముగ్గురి ముందూ కాఫీ కప్పులున్నాయి. ఒక్కరూ ముట్టలేదు.

తెర సందులోంచి నాకు ఆ కప్పులే కనిపిస్తున్నాయి. మొహాలు చూసే ధైర్యం లేక కప్పుల్నే చూస్తున్నాను. యాలకులు దండిగా వేసి కాచిన కాఫీ. మీద ఆవిరి సన్నబడుతోంది. అది పూర్తిగా పోయేలోపు మా ఆయన అవుననో కాదనో అనాలి.

మా మాదబా వైపు ఏదైనా కోరి ఇంటికొచ్చిన పెద్దలు కాఫీ అందుకుని ముందు పెట్టుకుంటారు. ఇంటివాళ్ళు తాగమనేదాకా పెదవి తడపరు. తాగమన్నామంటే వాళ్ళు కోరింది ఇచ్చేసినట్టే. ఇక వెనక్కి తీసుకోవడమన్నది లేదు. తాగకుండా లేచి వెళ్ళారా, ఆ ఇంటి పేరు మనవల కాలం దాకా ఊళ్ళో నలుగుతుంది. పెళ్ళి సంబంధాలకీ, నెత్తురు చిందిన తగాదాలకీ ఇలా కప్పు కింద పెట్టడం చూశాను. ఒక గొట్టం వాల్వు కోసం పెట్టడం మాత్రం ఇదే చూడడం.

వచ్చింది పరాయివాళ్ళు కాదు. మా ఆయనకి స్వయానా అన్న, పెద్దకొడుకు పేరుతో అందరూ పిలిచే అబూ ముత్లక్. ఆయనకి చెరో పక్కా మా కుటుంబాల పెద్దలిద్దరు. ఒకరికి చెవుడు, ఇంకొకరికి ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర. తూకానికి తెచ్చుకున్నారు.

"బయటివాడు మూసుంటే కోర్టుకెక్కేవాణ్ణి తమ్ముడూ," అన్నారు బావగారు. "సొంత తమ్ముడి కూతురు మూస్తే ఎక్కడికెళ్ళను? ఇదిగో, ఇక్కడికొచ్చాను."

"ఏం మూసింది?" అన్నారు చెవిటి హాజీ సుబైహ్.

"నీళ్ళు, హాజీ."

"ఏం నీళ్ళు?"

"మురుగునీళ్ళు. శుద్ధి చేసినవి."

హాజీ కాసేపు ఆలోచించారు. "నన్ను మంచం మీంచి లేపి తెచ్చింది మురుగునీళ్ళకా," అని ఎవరినీ అడగనట్టుగా అడిగి, కప్పు వైపు ఆశగా చూశారు.

మూసింది మా మైసూన్. ఊరి దిగువన ఉన్న మురుగు శుద్ధి స్టేషనులో పని నేర్చుకుంటోంది. రాత పరీక్ష గట్టెక్కింది. గురువారం అమ్మాన్ నుంచి పరీక్షాధికారి వస్తాడు. దాని చేత స్టేషను నడిపించి చూస్తాడు. సరేనంటే ఆపరేటరు లైసెన్సు, కాదంటే ఇంటికి. ఆ స్టేషనులో శుద్ధైన నీళ్ళు గొట్టాల్లో చుట్టుపక్కల పొలాలకి పోతాయి. వాటితో పశువుల గడ్డి పెంచుకోవచ్చు, ఆలివ్ చెట్లు పెంచుకోవచ్చు. మనుషులు తినే ఆకు పెంచకూడదు. రైతులు ఆ మాట మీదే నీళ్ళు తీసుకుంటారు. ఈ ఏడు బావగారి పొలంలో గడ్డి వరసల మధ్య ములూఖియా ఆకుకూర మొలిచింది. పుదీనా మొలిచింది. ముల్లంగి మొలిచింది. గొట్టం వెంట నడిచి చూడడం మైసూన్ పని. చూసింది, మూసింది, పై ఇంజనీరుకి చెప్పింది.

ఆ పొద్దున రొట్టె తింటున్నప్పుడు మా ఆయన దానితో అన్నారు, నువ్వు పరీక్ష సంగతి చూసుకో, మీ పెదనాన్న సంగతి నేను చూసుకుంటాను అని. ఆ ధైర్యంతోనే అది డ్యూటీకి వెళ్ళింది.

ఇప్పుడు ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

బావగారు చాలా చెప్పారు. బావి ఉప్పైపోయిందని, వాన మొహం చాటేసి బార్లీ ఎండిపోయిందని, గడ్డి ఎన్ని మోపులు కోసినా ఇల్లు గడవదని చెప్పారు. ఆ ఆకు తన ఇంట్లోనూ వండుతున్నారట, ఎవరికీ ఏమీ కాలేదట. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన చేతులు చూస్తే నాకూ జాలేసింది. ఎండకి పగిలిన చేతులు.

ఆ తరవాత గొంతు తగ్గించారు. తగ్గించిన గొంతే నాకు బాగా వినపడింది.

"పిల్ల తెల్లారకుండానే గట్టు మీద ఒక్కతే నడుస్తుందట. నాకది ఇష్టం లేదు తమ్ముడూ. మా కుర్రాళ్ళున్నారు. కళ్ళముందు మొక్కలు వాడిపోతుంటే ఎన్నాళ్ళు చేతులు కట్టుకు కూర్చుంటారు? నేను చెప్పగలిగినంత చెబుతూనే ఉన్నాను."

ఆ మాట ఆయన ప్రేమగానే అన్నారేమో. నేను మాత్రం తెర అంచు పట్టుకున్నాను.

మైసూన్ ఆ పనిలో చేరినప్పటి నుంచి నేను భయపడనిది లేదు. గుంటలో దిగితే విషవాయువు కొడుతుందని భయపడ్డాను. గాలి కొట్టే తొట్టి మీద వంతెన జారుతుందని, అందులో పడినవాళ్ళు ఈత వచ్చినా తేలరని ఎవరో చెబితే వారం రోజులు అన్నం సయించలేదు. దారిలో కుక్కలు. క్లోరిన్ గది. ఆ పని చేసే పిల్లని ఏ ఇంటివాళ్ళు అడుగుతారన్నది ఇంకో భయం. కానీ ఇన్ని భయాల్లో ఒక్కదానికీ మనిషి మొహం లేదు. ఇప్పుడు వచ్చింది. అది మా ఇంటి మొహమే.

మా ఆయన గొంతు సవరించుకున్నారు.

నేను తెర తీసి లోపలికి అడుగుపెట్టాను.

"తాగండి బావగారూ," అన్నాను. "చల్లారిపోతోంది."

నిద్రపోతున్నాయన కళ్ళు తెరిచాడు. బావగారు నా వైపు చూడలేదు. తమ్ముడి వైపు చూశారు. మా ఆయన నోరు కొంచెం తెరిచి ఉంది. అలాగే కాసేపు ఉండి, మూసుకుపోయింది.

బావగారు కప్పు ఎత్తి నిదానంగా తాగారు. ఇక చాలన్నట్టు కప్పుని వేళ్ళ మధ్య ఆడించి కింద పెట్టారు. హాజీ సుబైహ్ తన కప్పు ఒక్క గుక్కలో ఖాళీ చేసి రెండోది అడిగారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ బావగారు నన్ను మా అబ్బాయి పేరుతో పిలిచి అన్నారు, "ఉమ్ ఖల్దూన్, నీ కాఫీలో యాలకులు ఎక్కువయ్యాయి. మాట మాత్రం సరిగ్గా పడింది."

*

"నేను కాదనబోతున్నాను," అన్నారు మా ఆయన.

కప్పులు ఏరుతున్నదాన్ని అక్కడే ఆగిపోయాను.

"గొంతు సవరించుకున్నానే, అందుకే. అన్నయ్యా, కాఫీ తాగకపోయినా సరే, పిల్ల జోలికి రావద్దు అందామని. రాత్రంతా మనసులో కూడబలుక్కున్నాను. అది కాస్తా నోట్లోంచి వచ్చేలోపు నువ్వొచ్చావు."

నాకు తెలియదన్నాను. ఏం తెలియదని అడిగారు. కప్పులు కింద ఉన్నాయని తెలియదా, వాళ్ళు ఎందుకొచ్చారో తెలియదా. చల్లారిపోతోందని అన్నానంతే, అన్నాను. పెళ్ళైనప్పటి నుంచీ ఆ గదిలో మగవాళ్ళ మధ్య నా గొంతు వినపడింది లేదు. చల్లారిపోయిన కాఫీలు ఎన్ని చూడలేదు నేను.

గట్టు సంగతి బావగారు అన్నది మీరు వినలేదా అని అడిగాను. విన్నానన్నారు. మైసూన్‌ని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని మాదబా సంతంతా తిప్పినవాడు తన అన్న, అరుస్తాడే గాని కరవడన్నారు.

"మరి ఆయన కొడుకులు?"

నాకు భయం వాళ్ళ గురించే. అదే చెప్పాను.

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నారు. "వెళ్ళి మా ఆవిడ నోరు జారిందని చెప్పమంటావా? నా కప్పులో నా కాఫీ తాగి వెళ్ళాక? నా ఇంట్లోంచి వచ్చిన మాట అది. ఎవరి నోట్లోంచి వచ్చిందన్నది బయటివాళ్ళకి అనవసరం."

"పిల్ల లైసెన్సో?"

"ఆ ప్రశ్న తెర తీసే ముందు అడగాల్సింది."

*

మైసూన్ రోజూ డ్యూటీ దిగి వచ్చాక బూట్లు వాకిట్లోనే విప్పుతుంది. దొడ్లో చిన్న గదిలో బట్టలు మార్చుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, అప్పుడు ఇంట్లోకి వస్తుంది. దాని యూనిఫారం వేరే బకెట్లో నేను ఉతుకుతాను. వాళ్ళ నాన్న నమాజు బట్టలతో కలపను. ఉతికే ముందు దాని తలగుడ్డ వాసన చూడడం నాకు అలవాటైంది. తడిమట్టి వాసన వస్తే స్టేషను కులాసాగా ఉన్నట్టు. కుళ్ళిన గుడ్డు వాసనొస్తే తొట్లలో గాలి చాలనట్టు. అదే నాకు నేర్పింది. ఆ రోజు తడిమట్టి వాసనే వచ్చింది. నా కడుపులో మాత్రం కుళ్ళిన గుడ్డు.

ఎలా చెప్పాలా అని నేను సబ్బు రుద్దుతున్నాను. అది వచ్చి బకెట్ ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుంది.

"దారిలో పెదనాన్న వాళ్ళ ముత్లక్ ట్రాక్టరు ఆపి మరీ సలాం చెప్పాడు. పిన్నికి థాంక్సు చెప్పమన్నాడు."

నేను తలెత్తలేదు.

"అమ్మా, నోరు జారిందా, కావాలనే అన్నావా?"

"జారింది."

"నీకు నోరు జారదు. భయమేస్తే నువ్వేం చేస్తావో నాకు తెలీదా? చిన్నప్పుడు కుక్క మీదికొస్తే నన్ను పట్టుకోకుండా కుక్కని బతిమాలుకునేదానివి."

నవ్వొస్తుందేమోనని దాని మొహంలోకి చూశాను. అది నవ్వుకి అన్న మాట కాదు.

గట్టు సంగతి చెప్పాను. వాళ్ళ పెదనాన్న గొంతు తగ్గించి ఎలా అన్నారో చెప్పాను. అది వింది. తను గట్టు మీద ఒంటరిగా నడవడం మానేసి చాలా రోజులైందని, కాపలా మనిషి వెంట వస్తాడని, అది నాకు చెబితే కాపలా మనిషి ఎలాంటివాడోనని ఇంకో భయం పట్టుకుంటానని చెప్పలేదని అంది. నిజమే. పట్టుకునేదాన్నే.

"గురువారం ఏం జరుగుతుందో తెలుసా?" అంది. "పరీక్షాధికారి నాతో గొట్టం వెంట నడుస్తాడు. ప్రతి వాల్వు దగ్గరా ఆగుతాడు. ఇది ఎందుకు తెరిచుంది, ఇది ఎందుకు మూసుంది అని అడుగుతాడు. పెదనాన్న పొలం దగ్గర వాల్వు తెరిచుంటే నేనేం చెప్పాలి? ఆకు చూడలేదంటే ఆపరేటరుగా పనికిరాను. చూసీ తెరిచానంటే ఇక ఎప్పటికీ కాలేను."

నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ సాయంత్రం ఒక్క తడి ఇచ్చి మళ్ళీ మూసేస్తే మీ నాన్న మాటా నిలుస్తుంది, గురువారానికి వాల్వూ మూసే ఉంటుంది కదా అన్నాను.

"నీకు లైసెన్సు ఇవ్వాలి," అంది. "మాట కాస్త తెరిచి కాస్త మూసే లైసెన్సు."

ములూఖియా మనం ఉడకబెట్టే తింటాం కదా అన్నాను. ముల్లంగి ఎవరు ఉడకబెడతారని అడిగింది. పుదీనా ఎవరు ఉడకబెడతారంది. మా నీళ్ళు గడ్డికి మంచివే, చెట్లకి మంచివే అంది. కానీ కడుపులో చేరే పురుగుల గుడ్లుంటాయట. కంటికి కనపడవు, క్లోరిన్‌కి చావవట. ఆకు మడతల్లో కూర్చుంటాయట. మాదబా దుకాణంలో కట్ట కొనుక్కునేవాళ్ళకి అది ఏ పొలంలోదో ఎవరు చెబుతారు అంది.

మాదబాలో మా చెల్లెలి కోడలు ఉంది. నెలలు నిండుతున్నాయి. ముల్లంగంటే ప్రాణం దానికి. నా భయానికి ఇంకో కొమ్మ మొలిచింది.

అప్పుడే మా ఆయన దొడ్లోకి వచ్చారు. కూతురి మొహంలోకి చూడకుండా ఉతుకుతున్న బట్టల్ని చూస్తూ అడిగారు. "వాల్వు ఎప్పుడు తెరుస్తావమ్మా?"

"తెరవను నాన్నా."

"మాట పోయింది."

"నా మాట కాదు."

"ఈ ఇంటి మాట."

మైసూన్ పీట మీంచి లేచింది. గొంతు పెంచలేదు. వాళ్ళ నాన్న ముందు అది ఏనాడూ గొంతు పెంచింది కాదు.

"కాఫీ ఈ ఇంటిది నాన్నా. వాల్వు ఈ ఇంటిది కాదు. నేను పాసైనా, ఫెయిలైనా నాదీ కాదు."

ఆయన ఇంకేదో అనబోయి మానేశారు. లోపలికి వెళ్ళిపోయారు. పొద్దున రొట్టె దగ్గర ధైర్యం చెప్పిన మనిషీ, ఇప్పుడు అడిగిన మనిషీ ఒక్కరే. మధ్యలో ఉన్నది నేను.

*

మర్నాడు పొద్దున్నే తోటికోడలు ఒక కట్ట పంపింది. ములూఖియా, కింద ముల్లంగి. మిగిలిన ఆకు వాడిపోకముందే కోసినట్టుంది. ఆకుల మీద నీళ్ళు చల్లి తాజాగా కట్టారు. కృతజ్ఞత. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. పారేస్తే తోటికోడలికి తెలుస్తుంది. వండితే కూతురికి తెలుస్తుంది.

మైసూన్ డ్యూటీకి బయల్దేరుతూ చూసింది. ఏమీ అనలేదు. కట్టకి ఆనుకుని ఉన్న రొట్టెల పళ్ళెం మాత్రం తీసి అవతల పొయ్యిగట్టు మీద పెట్టింది.

ఆ రోజు మా ఇంట్లో గిన్నెలు మాట్లాడుకున్నాయి గాని మనుషులు మాట్లాడుకోలేదు. మా ఆయన ఫోను మోగితే పెరట్లోకి వెళ్ళి మాట్లాడారు. ఇటు వైపు మాటలే వినపడ్డాయి. చూస్తున్నాను అన్నయ్యా. అవును. తెలుసు. మొక్కలు తల వాల్చేశాయా. ఇవ్వాళే. ఆ ఇవ్వాళే అన్న మాట దగ్గర ఆయన గొంతు కొంచెం మారింది. లోపలికి వచ్చి పప్పు చారు ముందు కూర్చుని, రొట్టె ముక్క ముంచి, తినకుండానే లేచారు.

ఇదంతా నేను చేసిన పనే. అయినా లోలోపల ఒక గొంతు చెబుతూనే ఉంది. గట్టు మీద పిల్ల బతికుంది కదా అని.

మధ్యాహ్నం దాటాక మైసూన్ తొందరగా ఇంటికొచ్చింది. రేపు పరీక్ష కాబట్టి పై ఇంజనీరు నాయెల్ పొమ్మన్నారట. పొలాల వాల్వు గుంతల తాళంచెవి దాని దగ్గరే ఉంది. పరీక్ష ఉన్నవాళ్ళ దగ్గరే ఆ వారమంతా ఉంటుందట. రేపు పరీక్షాధికారి ముందు అది తన చేత్తో తెరిచి చూపించాలి. సంచీ కుర్చీకి తగిలించి స్నానానికి వెళ్ళింది.

నేను పొయ్యి దగ్గర వంకాయ ముక్కలు వేయిస్తున్నాను.

మా ఆయన వచ్చారు. తలగుడ్డ కట్టుకుని ఉన్నారు. నమాజుకి బయల్దేరినట్టే ఉన్నారు. కుర్చీ దగ్గర ఆగారు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఆడపిల్ల సంచీ ముట్టుకోలేదు. ఇంట్లో ఎవరి సంచీనీ ముట్టుకోరు. జిప్పు ఎటు లాగాలో తెలియక రెండుసార్లు తప్పు వైపు లాగారు. ఆఖరికి తెరుచుకుంది. చెయ్యి లోపలికి వెళ్ళి, బయటికి వచ్చి, జేబులోకి వెళ్ళింది.

అప్పుడు నన్ను చూశారు.

"నేను తెరుస్తాను," అన్నారు మెల్లగా. "దాని చెయ్యి పడదు. రేపు ఎవరడిగినా నేనే తెరిచానని చెబుతాను. దాని చెయ్యి శుభ్రంగా ఉంటుంది."

నాకు అది నిజంగా మంచి దారిలాగే అనిపించింది. మాటా దక్కుతుంది, పిల్ల చెయ్యీ శుభ్రం. నూనెలో ముక్క మాడుతోంది. దాన్ని తిరగేశాను. నేను తలెత్తేసరికి ఆయన గుమ్మం దాటారు.

పికప్పు చప్పుడు మా సందు చివర మసీదు దగ్గరే ఆగింది. సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని పోతారు. ఏ పనికైనా ఆయన అంతే.

*

మైసూన్ తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చింది. సంచీ జిప్పు తెరిచి ఉండడం చూసింది. లోపల చెయ్యి పెట్టింది. కుర్చీ కింద చూసింది. తరవాత ఇక వెతకలేదు.

"చూశావా?" అంది.

నేను పొయ్యి ఆపాను.

"చూశావా అని అడుగుతున్నానమ్మా."

"మీ నాన్న అన్నారు, నీ చెయ్యి పడదని."

అది కళ్ళు మూసుకుంది. తెరిచాక మాట్లాడింది. మాట్లాడింది నాతోనే అయినా లెక్కల టీచరు నల్లబల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. ఆ తాళం నా పేరు మీద ఉంది అంది. వాల్వు ఎవరు తిప్పినా తిప్పింది నా తాళమే అంది. పరీక్షకి ముందురోజు, మూసేసిన వాల్వు, పెదనాన్న పొలం. రేపు ఎవరూ చెయ్యి ఎవరిదని అడగరంది.

"అయినా నాకు లైసెన్సు పోతే పోనీ," అంది. "నాన్న ఏమవుతారో ఆలోచించావా? ఆ గుంత మూత బయటివాళ్ళు తీస్తే నేరం. కాపలా మనిషి ఫోను చేస్తాడు. పోలీసు జీపు వస్తుంది. అందరూ చూస్తుండగా నాన్నని వెనక సీట్లో కూర్చోబెడతారు."

భయపడాల్సినవన్నీ భయపడ్డాననే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇది ఒక్కటి మిగిలిపోయింది. ఆయనకి ఏమైనా అవుతుందని నేను ఏనాడూ భయపడలేదు. ఎండలోంచి వస్తారు, నమాజుకి వెళ్తారు, తిరిగి వస్తారు. ఆయన గోడలాంటి మనిషి. గోడ కోసం ఎవరు భయపడతారు.

పరుగెత్తి ఆపమన్నాను దాన్ని. తాళం అడిగి తెచ్చుకోమన్నాను.

"నిన్న మొహం మీద కాదన్నాను. ఇవాళ వీధిలో, మగవాళ్ళంతా చూస్తుండగా నాన్న జేబులో చెయ్యి పెట్టమంటావా?"

అది ఫోను తీసి అంకె నొక్కింది. ఇంజనీరు నాయెల్‌కి అని చెప్పింది. ముందుగా చెబితే తాళం పోయినట్టు, తరవాత చెబితే తాళం ఇచ్చినట్టు అంది. ముందుగా చెప్పినా తాళం చూసుకోలేని పిల్లకి రేపు పరీక్ష పెడతారో లేదో తనకి తెలియదట. అవతల ఫోను మోగుతోంది. ఆ చప్పుడు నాకూ వినిపిస్తోంది.

ఉన్నట్టుండి ఫోను నా చేతిలో పెట్టింది.

"నేనెందుకే?"

"మా స్టేషనులో డ్యూటీ మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది," అంది. "విన్నవాళ్ళు చెప్పరు. చూసినవాళ్ళే చెప్పాలి. నేను స్నానంలో ఉన్నాను. చూసింది నువ్వు."

అడుగు వెనక్కి వేసి గోడకి ఆనుకుని నిలబడింది. తువ్వాలు జారి జుట్టు భుజం మీద పడింది. సర్దుకోలేదు. కోపంగా కూడా లేదు. నేనేం చేస్తానో నిజంగానే తెలియనట్టు చూస్తోంది.

"హలో," అంది ఫోను. "మైసూన్? చెప్పమ్మా."

"మైసూన్ కాదు," అన్నాను.

"ఎవరు మాట్లాడుతున్నారు?"

ఉమ్ ఖల్దూన్ అని నోటి దాకా వచ్చింది. పరాయి మగవాడికి ఇంకేం చెబుతాం. కానీ ఆయనకి ఖల్దూన్ ఎవరో తెలియదు. నా పేరు చెప్పాను. రస్మియా, మైసూన్ తల్లిని, అన్నాను. నా పేరు నాకే ఎవరిదోలా వినిపించింది.

"చెప్పండమ్మా. పిల్ల బాగానే ఉందా?"

"బాగానే ఉంది. పొలాల తాళంచెవి సంచీలోంచి పోయింది. అది స్నానానికి వెళ్ళినప్పుడు. దానికి తెలియదు. తీసినవాళ్ళని నేను చూశాను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. "తీసింది ఎవరు?"

వంటింటి కిటికీలోంచి మసీదు మెట్లు కనిపిస్తాయి. నమాజు అయినట్టుంది. మగవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. వాళ్ళలో మా ఆయన. మెట్టు మీద ఒంగి, ఒక చెప్పు దొరికి రెండోది దొరక్క, జనం కాళ్ళ మధ్య వెతుక్కుంటున్నారు. కేకేస్తే వినపడేంత దూరం.

"ఎవరమ్మా?" అన్నారు ఫోనులో మళ్ళీ.